సజీవ నేత్రమును చూచిన సూక్ష్మదర్శిని

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు జ్ఞాపకం వస్తవి. కాని ఒక దీపానికీ, నాలుగు గాజు బిళ్ళలకూ కూడ చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర వలన చూపు నిలుపుకొన్నవారు దేశదేశాల్లో ఉన్నారు. రైలు నడవటానికి పట్టాలెంత అవసరమో, పచ్చదీపాన్నీ ఎర్రదీపాన్నీ పోల్చుకొనే కన్ను కూడ అంత అవసరం. అందుచేత వైద్యులము కాకపోయినా, రైల్వే గుమాస్తాలమైన మేము ఈ ఉగాది సంచికకు ఈ విషయం ఎన్నుకొన్నాము.

కంటి నల్లగుడ్డుకు ముందు, గడియారం మీది అద్దంవలె, ఒక పారదర్శకమైన పొర ఉన్నది. దానిని వైద్యులు కార్నియా అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు. నరాల కొసలు మాత్రం దట్టంగా ఉన్నవి. చిన్న నలుసు పడినా మనం విలవిలలాడేది అందువల్లనే. ఈ పొర తెల్లబారితే మన పల్లెల్లో "కంట్లో పువ్వు వేసింది" అంటారు. శుక్లం వేరు. అది లోపలి కటకం మసకబారటం. రెంటినీ ఒకటిగా తలచరాదు.

చనిపోయినవారి కార్నియాను పలుచగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించటం పూర్వమే తెలుసు. కాని బ్రతికియున్న మనిషి కంటిని కోయలేము గదా! పైగా అది స్వచ్ఛమైన అద్దం. అద్దం లోపలి సంగతి చూడటమెట్లా?

1911లో స్వీడను దేశంలోని ఉప్సాలా ఆచార్యుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ దీనికొక దారి చూపినాడు. పెంకుటింటి కప్పు సందులోనుండి పడే ఎండపొడలో, అంతవరకు కనబడని దుమ్ము కణాలు కనబడటం మనమందరం ఎరిగినదే. ఆయన చేసినదీ అటువంటిదే. ప్రకాశవంతమైన దీపకాంతిని సన్నని చీలికగా చేసి కంటిమీద ప్రక్కనుండి పడవేసినాడు. కాంతి పడినంతమేర కార్నియా కత్తితో కోసి చూపినట్లు కనబడినది. ఆ యేడే కంటిలోని కాంతి మార్గాన్ని గురించిన పరిశోధనలకు ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. జర్మనీలో చాప్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు అంతకుముందే తయారుచేసిన రెండు కళ్ళ సూక్ష్మదర్శినిని పిమ్మట ఈ దీపంతో జతపరచినారు. స్విట్జర్లాండులో ఆల్ఫ్రెడ్ ఫోగ్ట్ దీనితో చూచిన కంటి జబ్బులను బొమ్మలు వేయించి 1921లో గ్రంథంగా వెలువరించినాడు. నేడు కంటి ఆసుపత్రిలో మనం గడ్డం ఆనించి కూర్చుండే యంత్రం ఈ స్లిట్ ల్యాంపే.

అయినా విడివిడిగా కణాలను ఎంచటానికి అది చాలలేదు. కార్నియా వెనుకభాగాన ఒకే ఒక వరుస కణాలు తేనెపట్టు గదులవలె అమరి ఉంటవి. అవి లోపలి నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడివేస్తూ పొరను స్వచ్ఛంగా ఉంచుతవి. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉంటవి. ఇవి పోతే మనుష్యులలో తిరిగి పుట్టవు. ప్రక్క కణాలు సాగి ఆ చోటు కప్పవలసినదే. సంఖ్య మరీ తగ్గితే కార్నియా ఉబ్బి చూపు మాసిపోవును. చెరువు నీటిమీద సూర్యుని తళుకు పడినట్లు, ఈ వరుసమీద నుండి తిరిగివచ్చే కాంతిని పట్టి డేవిడ్ మారిస్ 1968లో కుందేలు కంటిలోని ఈ కణాలను చూపినాడు. 1975లో అమెరికాలోని బోస్టనులో లేంగ్ ప్రభృతులు సజీవుడైన మనిషి కంటిలోనే వాటిని ఫోటో తీసినారు. నాటినుండి కణాలను లెక్కించటం సాధ్యమైనది.

మూడవ మెట్టు మరొక త్రోవన వచ్చినది. మెదడు నరాలను చూడదలచిన మార్విన్ మిన్‌స్కీ ఒక కొత్త సూక్ష్మదర్శినికి 1957లో పేటెంటు కోరగా 1961లో అది లభించినది. సూదిబెజ్జంవంటి రంధ్రం ద్వారా ఒక్క తలానికి చెందిన కాంతిని మాత్రమే రానిచ్చి, పైదీ క్రిందిదీ ఆపివేయటం దాని కీలకం. పుస్తకం చింపకుండా నడిమి పేజీ చదివినట్లన్నమాట. కాన్‌ఫోకల్ అనే ఈ పద్ధతి 1990 నాటికి సజీవుల కార్నియాను చూడటానికి వచ్చినది. కంటికి మత్తుచుక్క వేసి, కోత లేకుండానే, నరాలను, కణాలను, బూజుపోగులను సైతం చూడవచ్చును.

ఈ బూజు సంగతి మనకు దగ్గరిది. కోతల కాలంలో వడ్లగింజో ఆకుకొసో గీరుకొని రైతుల కంట పుండుపడటం దక్షిణదేశంలో తరచు జరిగేదే. అది బూజువలన వచ్చినదో, బాక్టీరియావలన వచ్చినదో తేలనిదే మందు కుదరదు. బాక్టీరియా మరీ సూక్ష్మం గనుక ఈ యంత్రానికి సరిగా అందదు. దానికి పుండును గీరి చేసే పరీక్ష ఉండనే ఉన్నది. ఈలోపల పసరు పిండటం, దుకాణంలో అడిగి ఏదో చుక్కల మందు వేయటం కన్ను పోగొట్టుకొనే మార్గాలు.

పువ్వు ముదిరితే కార్నియా మార్పిడియే శరణ్యం. 1905లో ఓలోమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ మొదటిసారి దీనిని నెగ్గించినాడు. మద్రాసు ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో 1945లో నేత్రనిధి ఏర్పడినది. ఏలూరు ప్రాంతంనుండి బొంబాయికీ, పిమ్మట మద్రాసుకూ వలసవెళ్ళి చిత్రరంగంలో పేరుపొందిన ఎల్.వి. ప్రసాదుగారి విరాళంతో, ఆయన పేరనే 1987లో హైదరాబాదున నేత్రవైద్య సంస్థ వెలసినది. వలసవెళ్ళినవారు స్వదేశానికి ఏమి చేయగలరంటే ఇదొక సమాధానం.

మన సంఘ సభ్యులకొక విన్నపం. పరాయిచోట మన ఇంట మరణం సంభవిస్తే, స్వగ్రామంనుండి బంధువులు వచ్చేవరకు ఆగటం మన ఆచారం. కాని కార్నియా ఆగదు. సాధారణంగా ఆరుగంటల లోపల సేకరించవలె. నేత్రనిధివారు చూచేవాటిలో పైన చెప్పిన కణాల లెక్క ముఖ్యమైనది. ఆలస్యమైనకొలదీ ఆ కణాలు పాడగును. సేకరణకు పట్టేది అరగంట. ముఖం వికారం కాదు, అంత్యక్రియలకు ఆటంకం రాదు. కళ్ళద్దాలు వాడినవారు, శుక్లం తీయించుకొన్నవారు కూడ ఇవ్వవచ్చును. దుఃఖసమయంలో ఈ మాట ఎత్తటానికి ఎవరికీ నోరు రాదు. కనుక పండుగపూట అందరూ కూడియున్నప్పుడే ఇంట్లో చెప్పి ఉంచవలెనని మా మనవి.