హీలియం ఉన్నన్నాళ్లు

1983 జనవరి 25న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ఐరాస్ ఉపగ్రహం కక్ష్యకు చేరింది. అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి తయారుచేసిన ఆ టెలిస్కోపు అద్దం వ్యాసం 57 సెంటీమీటర్లే. పరారుణ కాంతిలో దాదాపు ఆకాశమంతటినీ సర్వే చేసిన మొదటి అంతరిక్ష టెలిస్కోపు మాత్రం అదే.

ఎరుపుకు అవతల కంటికి కనబడని కిరణాలున్నాయని విలియం హెర్షెల్ 1800లో థర్మామీటరుతో కనిపెట్టాడు. మైనస్ 240 డిగ్రీల చలిలో ఉన్న నక్షత్రధూళి కూడా అలాంటి కిరణాలనే వెలువరిస్తుంది. వాటిలో చాలా భాగాన్ని మన గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. పోనీ పైకి వెళితే చాలా అంటే, అదీ చాలదు. వెచ్చగా ఉన్న టెలిస్కోపు తానే పరారుణ కాంతిని చిమ్ముతుంది. పట్టపగలు చుక్కలను వెతికినట్టవుతుంది. అందుకే ఐరాస్‌లో 73 కిలోల ద్రవ హీలియం నింపి, దాన్ని మైనస్ 271 డిగ్రీల దగ్గర ఉంచారు.

ఈ హీలియం కథలో తెలుగు నేలకూ చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఖగోళశాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినితో పరిశీలించారు. సూర్యజ్వాలల వర్ణపటంలోని పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళశాస్త్రవేత్త తేల్చాడు. ఆ కొత్త మూలకమే హీలియం.

ఐరాస్ కనుగొన్నవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది అనుకోకుండా దొరికింది. డిటెక్టర్లను సరిచూసుకోవడానికి శాస్త్రవేత్తలు ఔమన్, గిలెట్ అభిజిత్ నక్షత్రాన్ని ఎంచుకున్నారు. 25 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రం కాంతి ఎలా ఉండాలో అందరికీ తెలుసు. 12 మైక్రాన్ల దగ్గర లెక్క సరిపోయింది. 60 మైక్రాన్ల దగ్గరికొచ్చేసరికి ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాంతి కనిపించింది. పరికరం తప్పేమోనని ముందు అనుమానించారు. అదనపు కాంతి నక్షత్రం చుట్టూ తిరుగుతున్న చల్లని ధూళిదని చివరికి తేలింది. ఆ ధూళి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 188 డిగ్రీలు. సౌరకుటుంబం వంటిది మరో నక్షత్రం దగ్గర కూడా ఏర్పడగలదనడానికి దొరికిన తొలి బలమైన ఆధారాల్లో ఇదొకటి.

1983 నవంబరు 21న హీలియం అయిపోయింది, సర్వే ఆగింది. అప్పటికి ఆకాశంలో 96 శాతం పూర్తయింది. 2003లో వెళ్లిన స్పిట్జర్ టెలిస్కోపుకూ అదే చిక్కు: 2009లో హీలియం నిండుకున్నాక ఒక్క పరికరమే, అదీ కొంతమేరకే పనిచేసింది. 2021లో ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు విశాలమైన ఎండతెరల చాటున చల్లబడుతుంది. అందులో మిరీ పరికరానికి మరింత చలి కావాలి కనుక హీలియం వాయువునే మూసిన గొట్టాల్లో తిప్పుతారు. ఆ హీలియం ఖర్చైపోదు.