రీమాస్టరింగ్ (ధ్వనిముద్రణ)

రీమాస్టరింగ్ అనగా ఇదివరకే విడుదలైన ధ్వనిముద్రణను దాని మూల టేపు నుండి గాని, లభ్యమైన వాటిలో మేలైన ప్రతి నుండి గాని తిరిగి సిద్ధపరచి కొత్తగా విడుదల చేయు ప్రక్రియ. మూలంలో ఏ మార్పూ లేకుండా మరల ముద్రించిన దానిని పునర్విడుదల అంటారు. ఈ రెండు మాటలను వాడుకలో ఒకే అర్థంలో వాడుతున్నప్పటికీ రెండింటికీ భేదం ఉన్నది. ధ్వని నాణ్యతపై ప్రత్యేక శ్రద్ధ కల శ్రోతలను ఆడియోఫైళ్ళు అంటారు. ఒకే ఆల్బముకు వచ్చిన వేర్వేరు ముద్రణలను పోల్చి చూచుట వీరి ముఖ్య వ్యాసంగం. ఇందుకు ఎక్కువగా ఉదాహరించబడేవి 1950, 1960 దశకాల అమెరికా జాజ్ ఆల్బములు. తెలుగు నాటక పద్యాలు, సినిమా పాటలు, శాస్త్రీయ సంగీతపు పాత రికార్డుల విషయంలోనూ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

ధ్వని మాధ్యమాలు

* 78 వేగపు రికార్డు: నిమిషానికి సుమారు 78 చుట్లు తిరుగుతుంది. లక్కను రాతిపొడి మొదలైన వాటితో కలిపి తయారుచేసేవారు. 10 అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాలు మాత్రమే పడుతుంది. అందువలన గాయకులు రాగాలాపనను కుదించి పాడవలసి వచ్చేది. భారతదేశంలో 1960లలో కూడా ఇవి తయారయ్యాయి.
* ఎల్.పి. రికార్డు: 1948లో కొలంబియా సంస్థ అమెరికాలో ప్రవేశపెట్టింది. వేగం 33⅓ చుట్లు. స్టీరియో ఎల్.పి.లు 1958 నుండి వాడుకలోకి వచ్చాయి.
* క్యాసెట్టు: ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టింది.
* సీడీ: 1982లో వచ్చినది. సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్ల కొలత దీని ప్రమాణం.
* సూపర్ ఆడియో సీడీ: 1999లో వచ్చినది. ఆడియోఫైళ్ళ కొరకు వెలువడే జాజ్ పునర్విడుదలలలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది.

జాజ్ ఆల్బములలో ప్రసిద్ధ ఉదాహరణలు

కైండ్ ఆఫ్ బ్లూ: మైల్స్ డేవిస్ బృందం ఈ ఆల్బమును 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీలలో న్యూయార్కులోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో ముద్రించినది. మార్చి 2న ప్రధాన టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరియైన వేగంతో వినిపించినపుడు సంగీతం అసలు కంటే వేగంగాను, శ్రుతి కొంచెం హెచ్చుగాను వినిపిస్తుంది. ఆ రోజు ముద్రించిన మూడు అంశాలే ఎల్.పి. మొదటి వైపున ఉన్నాయి. అదే సమయంలో రెండవ యంత్రంపై ముద్రించిన రక్షణ ప్రతి సరియైన వేగంతో ఉండెను. 1992లో వచ్చిన పునర్విడుదలకు ఆ ప్రతిని వాడి దోషాన్ని సవరించారు. మూడు దశాబ్దాలకు పైగా హెచ్చు శ్రుతికి అలవాటుపడిన శ్రోతలు కొందరు పాత ముద్రణనే ఇష్టపడతారు.

బ్లూ నోట్ ఆల్బములు: బ్లూ నోట్ సంస్థ ఆల్బములలో అధిక భాగాన్ని రూడీ వాన్ గెల్డర్ (1924–2016) ముద్రించాడు. వృత్తిరీత్యా కంటి పరీక్షకుడైన ఇతడు తొలుత హాకెన్‌శాక్‌లోని తన తల్లిదండ్రుల ఇంటిలోను, 1959 నుండి ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని స్వంత స్టూడియోలోను పనిచేశాడు. 1990ల చివరి నుండి తన పాత ముద్రణలను తానే సీడీల కొరకు రీమాస్టరు చేశాడు. మూలకర్తయే చేసిన పని కనుక ఇవే ప్రామాణికమని కొందరు, ధ్వని బిగ్గరగాను ఇరుకుగాను మారినదని మరికొందరు భావిస్తారు. 2019లో బ్లూ నోట్ సంస్థ మూల టేపుల నుండి, మధ్యలో డిజిటల్ దశ లేకుండా, టోన్ పొయెట్ అను ఎల్.పి. శ్రేణిని ప్రారంభించినది.

మొబైల్ ఫిడెలిటీ వివాదం: పూర్తిగా అనలాగ్ పద్ధతిలోనే తయారవుతున్నవని కొనుగోలుదారులు నమ్మిన ఈ సంస్థ ఎల్.పి.లలో అనేకం డిజిటల్ ప్రతి నుండి తయారైనవని 2022లో వెల్లడైనది. వినికిడితో ఈ తేడాను గుర్తించగలమని చెప్పుకొన్న శ్రోతలలో అనేకులు అంతవరకు ఆ రికార్డులనే మెచ్చుకొని ఉండుట గమనార్హం. లేబుల్‌పై వ్రాసిన మాట కంటే మూలం ఏది అన్న వివరము ముఖ్యమని ఈ వివాదం తెలిపినది.

తెలుగు ధ్వనిముద్రణలు

తెలుగులో రీమాస్టరింగుకు బాగా తెలిసిన ఉదాహరణ మాయాబజార్. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో విడుదలైన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులలోనికి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసినది. ఒకే ఛానెల్‌లో ఉన్న ధ్వనిని డి.టి.ఎస్. పద్ధతికి మార్చారు. మూలంలో ఒకే ఛానెల్ ఉన్నపుడు గొంతును ఒక ప్రక్కకు, వాద్యాలను మరొక ప్రక్కకు పంచుట మూలంలో లేనిదానిని చేర్చుటయే అగును. కనుక ఇటువంటి పనిని రీమాస్టరింగ్ అనుట కంటే పునఃసృష్టి అనుట సమంజసం.

ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) గానం చేసిన భగవద్గీత ఎల్.పి., క్యాసెట్టు, సీడీ రూపాలన్నిటిలోనూ వెలువడినది. గ్రామఫోను కంపెనీ ఆఫ్ ఇండియా తరువాతి కాలంలో సారెగామగా పేరు మార్చుకొని, పాత పాటలను 2017 నుండి కారవాన్ అను పెట్టెలో నింపి కూడా అమ్మినది. ఇటువంటి సంకలనాలలో ఏ పాటను ఏ ప్రతి నుండి తీసుకొన్నారో సాధారణంగా తెలుపరు. జాజ్ పునర్విడుదలలకు, తెలుగు పునర్విడుదలలకు గల ప్రధాన వ్యత్యాసం ఇదే. అక్కడ ఇంజనీరు పేరు, టేపు వివరములు అట్టపై ఉంటాయి. ఇక్కడ పోల్చి చూడదలచిన శ్రోతకు ఆధారం దొరకదు.

78 రికార్డుల విషయంలో సమస్య ఇంకను తీవ్రమైనది. మాతృకలు నశించినచో ఎవరి ఇంటిలోనో మిగిలిన అరిగిన రికార్డే మూలమగును. అటువంటి రికార్డులను సేకరించి భద్రపరచిన వారిలో వి.ఎ.కె.రంగారావు ప్రసిద్ధుడు. బెంగళూరులోని ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ పాత రికార్డులను డిజిటల్ రూపంలో అందించినది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్ర అవతరణతో కర్నూలు జిల్లాలో చేరినవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటివారు నడచిన నాటక రంగం ఆ జిల్లాదే. ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడును వినిపిస్తాయి. కనుక ఇక్కడి ఇండ్లలో పాత రికార్డులు దొరికినచో అవి ఏ భాషవైనను కావచ్చును. లేబుల్ చదవలేని కారణంగా వాటిని పారవేయరాదు.

స్థానిక పరిస్థితులు రికార్డులకు అనుకూలమైనవి కావు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు క్రింద అటకపై పడుకోబెట్టిన ఎల్.పి.లు వంకర తిరుగుతాయి. వాటిని చల్లని గదిలో నిలువుగా ఉంచవలెను. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. పత్తి దూది, నూలు ధూళి రికార్డు గాడిలో చేరినచో చిటపట శబ్దమునకు కారణమగును. లక్క రికార్డులను స్పిరిటుతో తుడవరాదు, లక్క కరుగుతుంది.

పోల్చునపుడు గమనించవలసినవి

* సమాన ధ్వని: రెండు ముద్రణలలో కొద్దిగా బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా చెవికి తోచును. రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చిన తరువాతనే పోల్చవలెను. 1990ల నుండి సీడీలను అతిగా బిగ్గరగా తయారుచేయుట వలన మృదంగపు దెబ్బకు, మెల్లని గమకానికి మధ్య గల అంతరం తగ్గినది.
* వేగం: వేగంలో సుమారు 6 శాతం తేడా శ్రుతిని ఒక స్వరస్థానం మార్చుతుంది. పాత రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతో ముద్రించబడలేదు. అమెరికాలో 60 సైకిళ్ళ విద్యుత్తుకు తయారైన కొన్ని రకాల టర్న్‌టేబుళ్ళు మన 50 సైకిళ్ళ విద్యుత్తుపై 33⅓కు బదులు సుమారు 27.8 చుట్లే తిరుగుతాయి. అపుడు శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది.
* సూది: 78 రికార్డు గాడి వెడల్పైనది. ఎల్.పి. సూది దాని అడుగుకు దిగి రొదను ఎక్కువ చేయును. రెండింటికీ వేర్వేరు సూదులు వాడవలెను.
* రొద తొలగింపు: రొదను అతిగా తొలగించినచో గాయకుని ఊపిరి, తంబురా నాదపు అంచు కూడా తొలగిపోతాయి. ఇట్లు పోయిన దానిని తిరిగి తేలేము.
* కళ్ళు మూసి వినుట: ఏ ముద్రణ వినిపించుచున్నదో తెలియకుండా మరొకరిచేత మార్పించి వినుట నమ్మదగిన పద్ధతి.

ఇంటిలోని పాత రికార్డును డిజిటల్ రూపంలోనికి మార్చువారు ముందుగా ఏ సవరణా చేయని ప్రతిని భద్రపరచి, రొద తొలగింపు మొదలైనవి దాని నకలుపై మాత్రమే చేయవలెను. రికార్డు సంఖ్య, లేబుల్ ఫొటో, వాడిన వేగం, సూది వివరములు ప్రతితో పాటు వ్రాసి ఉంచవలెను. రేపు మెరుగైన పరికరములు వచ్చినపుడు తిరిగి పనిచేయుటకు ఆ ప్రతియే ఆధారం.

ఇవి కూడా చూడండి

* గ్రామఫోను
* జాజ్
* మాయాబజార్
* ఘంటసాల వెంకటేశ్వరరావు
* ఆదోని
* ఎమ్మిగనూరు