డోడో పక్షి నిజరూపం

బానపొట్ట, పొట్టి కాళ్లు, మందబుద్ధి – డోడో అనగానే చాలామంది మనస్సుకు తోచే రూపం ఇది. ఈ రూపం ఎలా ఏర్పడింది? ఇందులో నిజమెంత?

హిందూ మహాసముద్రంలో మడగాస్కరుకు తూర్పున ఉన్న మారిషస్ దీవి తప్ప ఈ పక్షికి వేరే నివాసం లేదు. 1598లో అక్కడ దిగిన డచ్చి నావికులు దీనిని హంసకంటె పెద్దదిగా, రెక్కలకు బదులు కొద్దిపాటి నల్లని ఈకలు గలదిగా వర్ణించారు. మనుష్యులను ఎరుగని ఆ పక్షులు వారిని చూచి బెదరలేదు. ఓడలలో వచ్చిన పందులు, ఎలుకలు, కోతులు నేలమీది గూళ్లలోని గుడ్లను తినివేశాయి. 1662 నాటిదే దీనిని చూచినట్లు చెప్పే చివరి నమ్మదగిన సాక్ష్యమని పలువురి అభిప్రాయం. అంటే, మనుష్యుల కంటబడిన తర్వాత అది బ్రదికినది సుమారు అరువది ఐదేండ్లే!

పక్షి పోయింది, బొమ్మలు మిగిలాయి. వానిలో 1620లలో రూలాంట్ సావెరీ చిత్రించిన లావుపాటి డోడో మిక్కిలి ప్రసిద్ధికెక్కింది. ఇటువంటి బొమ్మలలో పెక్కింటిని బందీగా ఉండి అతిగా మేపబడిన పక్షులనో, లోపల గడ్డి కూరిన చర్మాలనో చూచి వేసి ఉంటారని శాస్త్రజ్ఞుల ఊహ. అయినా తర్వాతివారు ఆ రూపాన్నే ప్రమాణంగా తీసుకొన్నారు. 1766లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులోనే 'అసమర్థ' అనే అర్థం గల మాట ఉన్నది.

దీనికి భిన్నమైన చిత్రాలు లేకపోలేదు. 1601లో మారిషస్ చేరిన 'గెల్డర్‌లాండ్' ఓడ దినచర్య పుస్తకంలోని రేఖాచిత్రాలలో డోడో అంత లావుగా కనబడదు. భారతదేశంలో కూడ ఒక సాక్ష్యం ఉన్నది. పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు సూరత్‌లో రెండు డోడోలను చూచినట్లు వ్రాశాడు. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు మన్సూరు వేసినదని భావించే వర్ణచిత్రం నేడు సెంట్ పీటర్స్‌బర్గులో ఉన్నది.

1865లో మారిషస్‌లోని 'మార్ ఓ సోంజ్' అనే బురదనేలలో జార్జి క్లార్క్ అనే ఉపాధ్యాయుడు డోడో ఎముకలను పెక్కింటిని వెలికితీశాడు. వాటిని పరిశీలించిన రిచర్డ్ ఓవెన్ మొదట అస్థిపంజరాన్ని సావెరీ బొమ్మలో ఇమిడేటట్లు కూర్చాడు! కొద్ది సంవత్సరాలకు తానే దానిని సరిదిద్ది, పక్షిని మరింత నిటారుగా నిలబెట్టాడు. 1993లో ఆండ్రూ కిచెనర్ ఎముకల కొలతలనుబట్టి లెక్కవేసి, అడవిలో తిరిగే డోడో తూనిక సుమారు 10 నుండి 18 కిలోగ్రాములని తేల్చాడు.

నేడు మనకు తెలిసిన డోడో మీటరుకంటె కొంత తక్కువ ఎత్తు గలది. ఈకలు బూడిద లేక గోధుమ వన్నెవి, ముఖాన ఈకలు లేవు, ముక్కు పెద్దది, కొన వంగినది, కాళ్లు బలమైనవి. రెక్కలు చిన్నవైపోయి ఎగురుటకు పనికిరాకుండినవి. ఇది పావురాల జాతిదని 1842లోనే రైన్‌హార్ట్ అన్నప్పుడు నవ్వినవారున్నారు. కాని 2002లో జరిగిన డి.ఎన్.ఎ. పరీక్షలో, నేడు బ్రదికియున్న పక్షులలో నికోబారు పావురమే దీనికి దగ్గరి చుట్టమని తేలింది. మెదడు కూడ శరీరానికి తగినంత ఉన్నదని 2016లో పుర్రె పరీక్షవల్ల తెలిసింది.

డోడో మందబుద్ధి కాదు. శత్రువులు లేని దీవికి తగినట్లు రూపొందిన పావురం.