చదువు నడుమ శాఖ మార్చుకొనుట



మన గ్రామములలో విద్యను గూర్చి ఒక నిశ్చితాభిప్రాయము కలదు. చేరిన చదువును తుదముట్ట ముగించువాడు స్థిరచిత్తుడనియు, నడుమ మార్చుకొనగోరువాడు చంచలుడనియు మన మనుకొందుము. పట్టణమున ఇంజనీరింగు చదువుచున్న కుఱ్ఱవాడు మొదటి సంవత్సరము ముగియకమున్నే, ఈ శాఖ తనకు సరిపడలేదనియు, వేరొక శాఖకు మారుటకు దరఖాస్తు పెట్టుకొందుననియు ఇంటికి తెలియజేసెనేని ఇల్లంతయు కలవరపడును. పొలము తాకట్టు పెట్టి కట్టిన రుసుము గంగపాలయ్యెనని తండ్రి చింతించును. ఇరుగుపొరుగువా రేమందురోయని తల్లి కుములును. ఆ కలవరము సహజమే. అయినను ఇట్టి కోరిక నేటి పిల్లల వింత పోకడ కాదు. దీనికి నీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్ర నెఱిగినచో అట్టి దరఖాస్తును ఎట్లు తూచవలెనో మనకే తెలియగలదు.

ముందుగా మన యింటి కథనే చూతము. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ ప్రపాఠకమున నారదుడు సనత్కుమారుని యొద్దకు శిష్యుడై వచ్చిన వృత్తాంతము కలదు. తనకు బోధింపుమని నారదుడు వేడగా, ఇదివఱకు నేర్చినదేమో ముందు తెలుపుమని సనత్కుమారు డడిగెను. నాలుగు వేదములు మొదలుకొని గణితము, తర్కము, జ్యోతిషము వఱకు తాను చదివిన విద్యలనన్నిటిని నారదుడు వరుసగా చెప్పి, ఇన్ని చదివియు శోకమును దాటలేకున్నానని విన్నవించెను. ఇన్ని చదివినవాడవు మరల ఏల వచ్చితివని గురువు మందలింపలేదు. మొదటినుండి అక్షరాభ్యాసము చేయుమనియు అనలేదు. శిష్యుడు నేర్చినదానిని లెక్కకు దెచ్చుకొని, అచ్చటి నుండియే పైమెట్టునకు కొనిపోయెను. శాఖ మార్చుకొనువాని విషయమున నేటి విశ్వవిద్యాలయములు అడుగు మొదటి ప్రశ్నయు ఇదియే.

మన పండిత సంప్రదాయమునను ఈ మార్గమే సాగినది. శిష్యుడు కావ్యములు ముగించి, వ్యాకరణమున కొంత పరిశ్రమ చేసి, పిమ్మట తర్కమునకో, మీమాంసకో, వేదాంతమునకో వేరొక గురువు నాశ్రయించెడివాడు. న్యాయశాస్త్రము కొఱకు వంగదేశమందలి నవద్వీపమునకును, పలు శాస్త్రముల కొఱకు కాశికిని ఆంధ్రదేశమునుండి కాలినడకను పోయినవారు కలరు. మొదటి గురువు అనుజ్ఞయు, రెండవ గురువు చేయు పరీక్షయు తప్ప వేఱు దరఖాస్తు లేదు. అయితే ఒక మాట దాచరాదు. ఆ ద్వారము కొన్ని వర్ణముల వారికే తెఱచియుండెను. తక్కినవారికిని, స్త్రీలకును చాలవఱకు మూసియుండెను. లోపలికి వచ్చినవారికి మాత్రము ఒక గదినుండి మఱియొక గదికి పోవుట కష్టము కాదు.

పడమటి దేశముల విశ్వవిద్యాలయములు పుట్టిననాడు అచ్చటి క్రమమును ఇంచుమించుగా ఇట్టిదే. ముందు వ్యాకరణ తర్క గణితాదులైన సామాన్య విద్యలు. ఆ పిమ్మట ధర్మశాస్త్రము, వైద్యము, మతశాస్త్రము అను మూడు పెద్ద శాఖలలో నొకటి. భూమియే సూర్యుని చుట్టు తిరుగుచున్నదని నిరూపింప బూనిన కోపర్నికస్ చదువును గమనింపుడు. అతడు 1491లో పోలండు దేశపు క్రాకో విశ్వవిద్యాలయమున చేరెను. 1496లో ఇటలీదేశపు బొలోనాకు పోయి మతధర్మశాస్త్రమును, 1501లో పాదువాకు పోయి వైద్యమును అభ్యసించెను. తుదకు 1503లో ఫెరారాలో మతధర్మశాస్త్ర పట్టము నందెను. లోకము అతనిని తలచుకొనుచున్నది మాత్రము జ్యోతిశ్శాస్త్రమునకే.

గెలీలియో కథ మన గృహస్థులకు మఱింత దగ్గఱగా నుండును. అతని తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. సంగీతమున కీర్తి వచ్చునేగాని కూడు రాదని ఎఱిగినవాడై, కుమారుని వైద్యుని చేయదలచి 1581లో పీసా విశ్వవిద్యాలయమున చేర్చెను. అచ్చట రిచ్చి యను గణితవేత్త చెప్పిన యూక్లిడు పాఠములను విని కుఱ్ఱవాని మనస్సు క్షేత్రగణితముపై లగ్నమయ్యెను. తండ్రి మొదట సమ్మతింపలేదు. గెలీలియో 1585లో ఏ పట్టమును లేకయే విద్యాలయమును వీడెను. నాలుగేండ్లకు, 1589లో, అదే పీసాలో గణితోపాధ్యాయుడుగా నియుక్తుడయ్యెను. తండ్రి దుర్మార్గుడు కాడు. బిడ్డ ఆకలికి భయపడినవాడు. మన యిండ్లలో నేడు కాదనుచున్న తండ్రులును అట్టివారే.

ఇక మన దేశమునకు వత్తము. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో మూడు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. వానికి లండను విశ్వవిద్యాలయము మాదిరి. పాఠము చెప్పుట కళాశాలల పని, పరీక్ష జరిపి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయము పని. ఈ యేర్పాటువలన దేశమంతట ఒకే కొలత యేర్పడినమాట నిజము. కాని ఆ కొలత ఇనుపకొలత. నియమితమైన విషయము లన్నిటను కృతార్థుడు కానివాడు, ఒకదాన ఎంతటి అసమానుడైనను, మెట్టెక్కలేడు.

ఆ కొలతకు గుఱియైనవారిలో శ్రీనివాస రామానుజన్ అగ్రగణ్యుడు. 1904లో కుంభకోణము కళాశాలలో చేరి, ఆంగ్లమున తప్పినందున విద్యార్థి వేతనమును పోగొట్టుకొనెను. 1906లో మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరెను. గణితమున సాటిలేనివాడయ్యు, తక్కిన విషయములలో తప్పి ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయెను. గణితమునే చదువుకొనుటకు అనుజ్ఞ వేడుటకు నాడు దరఖాస్తు కాగితమే లేదు. 1912లో మదరాసు పోర్టు ట్రస్టు కచ్చేరిలో నెలకు 30 రూపాయల గుమాస్తాగా కుదిరెను. పట్టము లేనివానికి పరిశోధన వేతన మిచ్చుట నియమమునకు వెలుపలిది. అయినను 1913లో మదరాసు విశ్వవిద్యాలయము ఆ నియమమును సడలించి అతనికి నెలకు 75 రూపాయలు ఏర్పఱచెను. 1916లో కేంబ్రిడ్జి అతని పరిశోధనను జూచియే బి.ఏ. పట్టమిచ్చెను. నియమమును ఎప్పుడు సడలింపవలెనో తెలిసినవారు కొందఱుండుటచే ఆ మహానుభావుడు మనకు దక్కెను. అట్టివారు కనబడక గుమాస్తాలుగానే గతించినవారి లెక్క ఎవ్వరు వ్రాసిపెట్టిరి?

ఒకే విశ్వవిద్యాలయమున శాఖ మారి, లోకోపకారము చేసిన మన తెలుగువాని కథ యొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్య కళాశాలలో చదివెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుటచే ఒక ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. పిమ్మట అమెరికా కేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులకు సంబంధించిన డిప్లొమాను సంపాదించెను. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసెను. అదే విశ్వవిద్యాలయమున జీవరసాయన శాఖకు మారి, ఫిస్కె యను ఆచార్యునితో గూడి, 1925లో శరీర ద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1930లో ఆ శాఖయందు పిహెచ్.డి. పట్టము నందెను. వైద్యము విడిచి రసాయనము పట్టెనని నాడు ఎవరైన అనియుందురేమో. కాని 1940 పిమ్మట లెడర్లీ ఔషధశాలలో ఆయన నడపిన పరిశోధనలనుండి ఫోలికామ్లము, మెథోట్రెక్సేటు వంటి మందులు వెలువడినవి. మారిన శాఖ పాత శాఖకే తిరిగి ఉపకరించినది.

రెండు చదువులను ఒక్కసారి సాగించినవారికి డాక్టరు అంబేద్కరు ఉదాహరణము. ఆయన 1916లో లండను ఆర్థికశాస్త్ర విద్యాలయమున చేరి, ఆ కాలముననే గ్రేస్ ఇన్ అను న్యాయవాద సంస్థలోను పేరు నమోదు చేయించుకొనెను. 1917లో బరోడా సంస్థానపు వేతనము గడువు తీరి స్వదేశమునకు రావలసివచ్చెను. నాలుగేండ్లలోపల తిరిగివచ్చి చదువు ముగించుటకు విశ్వవిద్యాలయము ఆయనకు అనుమతి నిచ్చెను. ఆ చిన్న అనుమతి పత్రమే లేకున్న కథ యెట్లుండెడిదో! 1920లో మరల పోయి, 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పట్టములను పొందుటయే గాక బారిష్టరును అయ్యెను.

స్వాతంత్ర్యానంతరము సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతను 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, చిన్ననాటనే విద్యార్థి నొక ఇఱుకుదారిలో బంధింపరాదనియు, శాస్త్రము చదువువానికి సాహిత్యమును, సాహిత్యము చదువువానికి శాస్త్రమును కొంత తెలియవలెననియు సూచించెను. అది ఆచరణకు వచ్చుట మందగతిని జరిగినది. పిలానీలోని బిర్లా విద్యాసంస్థలో ఎం.ఎస్‌సి.లో చేరిన విద్యార్థి తన మొదటి సంవత్సరపు మార్కులను బట్టి ఇంజనీరింగు పట్టమును రెండవదానిగా జతపఱచుకొని, అయిదేండ్లలో రెండును ముగించు పద్ధతి యేర్పడినది. 2008లో హైదరాబాదు చెంత వెలసిన దాని శాఖలోను ఆ పద్ధతియే. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికి క్రెడిట్ల పద్ధతిని సూచించెను. క్రెడిట్ అనగా నేర్చిన పాఠమునకు కట్టిన విలువ. 2021లో ఆ క్రెడిట్లను బ్యాంకిలో సొమ్మువలె విద్యార్థి పేర నిలువజేయు ఏర్పాటు వచ్చినది. 2022 ఏప్రిలులో ఒకే కాలమున రెండు పట్టములకు చదువుటకు ఆ సంఘము సమ్మతించెను. రెండు చదువులును తరగతిలో కూర్చుండి చదువునవైనచో వేళలు కలిసిపోరాదు. లేదా ఒకటి తరగతిలోను, ఒకటి దూరవిద్యగాను ఉండవచ్చును. రెండును దూరవిద్యలైనను తగును. పిహెచ్.డి.కి ఇది వర్తింపదు. ఆయా విశ్వవిద్యాలయముల నియమములు, వైద్యాది వృత్తివిద్యల మండలుల నియమములు వేఱుగ నుండును గనుక వానిని ముందు చూచుకొనవలెను.

ఇంత జరిగినను దరఖాస్తు పెట్టిన ప్రతివానికిని శాఖ మారునని తలపరాదు. కోరిన శాఖలో స్థలము ఖాళీ యుండవలెను. ఆ శాఖకు పునాదియైన పాఠములు చదివియుండవలెను. మార్కులు చాలవలెను. సామాన్యముగా మొదటి సంవత్సరాంతముననే గడువు ముగియును. ప్రవేశపరీక్షలో ఎక్కువ శ్రేణి వచ్చినవానికి దక్కిన స్థలమును తక్కువ శ్రేణివాడు వెనుకదారిని పొందుట న్యాయము కాదుగదా. కాదనుటలో అధికారుల కక్షయే యుండనక్కఱలేదు. ఐ.ఐ.టి.లలో మొదటి సంవత్సరపు మార్కులను బట్టి శాఖ మార్చు పద్ధతి బహుకాలము సాగినది. ఆ యొక్క మార్పునకై పిల్లలు తొలి యేడాది యంతయు మనశ్శాంతి లేక పోటీపడుచున్నారని గ్రహించి కొన్ని ఐ.ఐ.టి.లు ఇటీవల దానిని మానివేసినవి. తలుపు తెఱచుటలో మేలున్నట్లే చిక్కులును కలవు.

వ్యవసాయము చేయు మీకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. నారుమడిలో పెరిగిన వరి పైరును అచ్చటనే యుంచినచో పంటకు రాదు. పీకి వేఱొక మడిలో నాటవలెను. దానిని నిలుకడలేని పైరని ఎవ్వరు నిందింతురు? అయితే నారు ముదిరిన పిదప నాటినచో పిలకలు తగ్గును. వేళ్లు తెంపి నాటినచో వాడిపోవును. చదువు మార్పిడికి కూడ అదను కలదు. నేర్చినది వృథాకాకుండ దానిని వేళ్లతో కూడ కొనిపోవలెను.

కావున మీ బిడ్డ యిట్టి కోరికతో వచ్చినపుడు కోపగింపక, సనత్కుమారుని వలె ముందు అడుగుడు: ఇంతవఱకు ఏమి నేర్చితివి? అందులో ఎంత క్రొత్త శాఖలో లెక్కకు వచ్చును? ఆ క్రొత్త శాఖ పుస్తకమును ఒకదానినైన తెఱచి చదివితివా, లేక తోటివాని మాట విని కోరుచున్నావా? ఏడాది నష్టమగునా? రుసుము పెరుగునా? విద్యార్థి వేతనము కొనసాగునా? వీనికి తిన్నగా ప్రత్యుత్తరము చెప్పగలవాడు చంచలుడు కాడు. వానిచేత గడువులోపల దరఖాస్తు పెట్టింపుడు. చెప్పలేనివానిని తిట్టి పంపక, విచారించి రమ్మని వారము దినముల వ్యవధి యిండు. ఆడపిల్ల అడిగినపుడు సయితము ఇవే ప్రశ్నలు. పెండ్లి మాట వానిలో చేర్చకుడు. ఇంట ఈ మాట చెప్పుకొనుటకు చోటు లేక, సరిపడని చదువును మోయలేక, లోలోపల కుమిలి చెడిపోయిన బిడ్డలు ప్రతి మండలమునను కలరు. తాకట్టుపడిన పొలమును విడిపించుకొనవచ్చును. ముందు బిడ్డ మాట విందము.