వేల్సు దేశపు సంచార పాఠశాలలు



ఇంగ్లండునకు పడమట, సముద్రతీరమున, కొండలతోను గొఱ్ఱెల మందలతోను నిండిన చిన్న దేశ మొకటి కలదు. దానిని వేల్సు అందురు. అచ్చటివారి స్వభాష వేల్షు. ఇంగ్లీషు మాత్రమే నేర్చినవానికి అందొక్క వాక్యమైనను బోధపడదు. ఆ దేశమున పల్లెలపట్ల ఉండిన ఒక మతగురువు తన జనులకు చదువు చెప్పించిన విధమును నేడు మీకు మనవి చేయదలచితిని. ఆయన పేరు గ్రిఫిత్ జోన్స్.

1684వ సంవత్సర ప్రాంతమున కార్మార్థెన్ మండలములో ఆయన జన్మించెను. బాల్యమున గొఱ్ఱెలను కాచెను. శరీరారోగ్యము మొదటినుండియు అంతంతమాత్రమే. ఉబ్బసము ఆయనను కడవఱకు విడువలేదు. కార్మార్థెన్ పట్టణములో చదువుకొని, 1709లో గురుపట్టము పొందెను.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన చిన్న ముచ్చట యొకటి కలదు. ఆ కాలమున లండనులోని క్రైస్తవ ప్రచార సంఘము మన దక్షిణ తీరమందలి తరంగంబాడి మిషనునకు సహాయము చేయుచుండెను. అచ్చటికి పోవలసినదని జోన్సును ఆ సంఘమువారు కోరిరి. ఆయన కొంతకాలము ఆలోచించి, 1713లో రాజాలనని చెప్పివేసెను. తన యిరుగుపొరుగువారి అజ్ఞానమే తనకు చాలినంత పని యని ఆయన భావము. తరువాత ఆ మిషనునకే వచ్చిన షుల్జ్ అను జర్మను పాదిరి మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని, బైబిలును తెనిగింప పూనుకొనెను. జోన్స్ వచ్చియుండినచో మన భాష కేమి చేసియుండునో చెప్పజాలము. వేల్సు మాత్రము నష్టపడియుండును.

1716లో ఆయనకు లాండౌరర్ అను పల్లె చర్చిలో గురుత్వము లభించెను. సర్ జాన్ ఫిలిప్సు అను ధనవంతుడు దానిని ఇప్పించెను. ఆ ఫిలిప్సు సోదరినే జోన్స్ 1720లో వివాహమాడెను. ఆయన ఉపన్యాసము వినుటకు జనులు తండోపతండములుగా వచ్చుచుండిరి. కాని ప్రసంగములు విన్నవారిని ప్రశ్నించి చూచినప్పుడు, వారికేమియు నిలువలేదని ఆయనకు తెలిసెను. చదువురానివాడు విన్నదానిని మరల చూచుకొనుట యెట్లు? చర్చిలో పోగైన కానుకలతో రొట్టెలు కొని బీదలకు పంచుచు, ఆ నెపమున వారిని చేరదీసి నాలుగు ప్రశ్నలు వేసెడివాడు. వారు సిగ్గుపడి మిన్నకుండెడివారు. అప్పటికి కొన్ని యేండ్లుగా విషజ్వరములు ప్రబలి ఆ ప్రాంతమున అనేకులు మరణించుచుండిరి. ఏమియు తెలియకయే వీరు పోవుచున్నారని ఆయనకు పెద్ద బాధ కలిగెను. 1731 ప్రాంతమున లాండౌరర్‌లో మొదటి పాఠశాల వెలసెను.

ఈ పాఠశాలల యేర్పాటును మీరు శ్రద్ధగా వినవలెను. బడికి కట్టడము లేదు. చర్చిలోనో, ధాన్యపు కొట్టములోనో, ఎవరి గుడిసెలోనో ఉపాధ్యాయుడు కూర్చుండును. మూడు నెలలు, ఆ సుమారున, పాఠములు చెప్పి, సామానులు మూటగట్టుకొని మరియొక ఊరికి పోవును. మరుసటి యేడు కావలెనన్న మరల వచ్చును. కోతలు, ఉన్ని కత్తిరింపులు గల వేసవిని విడిచి, పొలముపని తక్కువగా నుండు చలికాలముననే ముఖ్యముగా బడులు నడచెడివి. పగలు రాలేని కూలివారికి రాత్రివేళ పాఠములుండెను. ఉపాధ్యాయులకు జీతము ఏడాదికి 3, 4 పౌనులు మాత్రమే. వారిని జోన్సే లాండౌరర్‌లో తరిఫీదు చేసి పంపుచుండెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, చదువు వేల్షులోనే చెప్పబడుట. అంతకుముందు ధర్మసంఘములు ఆ దేశమున ఇంగ్లీషు బడులు పెట్టియుండెను. ఇంట ఆ భాష వినబడని పిల్లలు అక్షరములు వల్లించిరే కాని అర్థము నెఱుగరైరి. ఇంగ్లీషు నేర్చి, పిమ్మట జ్ఞానము నేర్వవలెనన్న బీదవాని బిడ్డకు అన్ని సంవత్సరముల తీరిక యెక్కడిదని జోన్స్ వాదించెను. స్వభాషలోనైన కొలది నెలలలో బైబిలు చదువగలరు. నిజము చెప్పవలెనన్న ఆయనకు భాషాభిమానముకంటె ఆత్మరక్షణ చింతయే హెచ్చు. భాష బ్రతుకుట అనునది ఆయన కోరకయే కలిగిన ఫలము.

ఈ బడులకు పిల్లలే కాదు, వృద్ధులును వచ్చిరి. కొన్నిచోట్ల పిల్లలకంటె పెద్దలే హెచ్చు. అరువది దాటినవారు కండ్లజోళ్లు పెట్టుకొని ప్రతిదినము వచ్చుచు, నలుబది యేబది యేండ్ల క్రిందటనే ఈ చదువు మాకు దొరకలేదే యని కన్నీరు పెట్టుకొనుచుండిరని జోన్స్ తన నివేదికలలో వ్రాసినాడు. ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

ఒక లోపము చెప్పక తప్పదు. ఆయన చదువుటయే నేర్పించెను. వ్రాయుటయు లెక్కలును నేర్పింపలేదు. మూడు నెలలలో అంతకుమించి సాగదని కొంత, దైవగ్రంథము చదువుటయే ముఖ్యమని కొంత కారణము. అయినను లెక్క రాని రైతు సంతలో ఎప్పటివలెనే మోసపోవును గదా యని నా కనిపించుచున్నది.

విరోధులు లేకపోలేదు. ఇతర గురువులు కొందరు ఈ ఉపాధ్యాయులు మెథడిస్టులను అనుమానించిరి. ఒక గురువు 1752లో ఆయనను దూషించుచు కరపత్రమునే అచ్చొత్తించెను. జోన్స్ వాదములు పెంచుకొనక, బడులు నడచిన గ్రామముల గురువులు వ్రాసిన ఉత్తరములను ఏటేట తన నివేదికలో ప్రకటించుచు వచ్చెను. ఆ నివేదికలు ఇంగ్లీషులో నుండెను. ద్రవ్యమిచ్చు ధనికులు చదువవలెను గదా! వేల్షు నేర్పుటకు ఇంగ్లీషులో యాచింపవలసివచ్చినది.

1761 ఏప్రిలు 8వ తేదీన ఆయన చనిపోవునప్పటికి మూడువేలకు పైగా బడులు నడచెను. జనసంఖ్య అయిదు లక్షలకు మించని ఆ దేశమున, లెక్కకెక్కిన విద్యార్థులే లక్షన్నరకు పైబడిరి. రాత్రిబడులకు వచ్చిన పెద్దలు ఆ లెక్కలో చేరరు.

ఆయన ప్రాణము విడిచినది లార్న్ పట్టణమున బ్రిడ్జెట్ బెవన్ అను ధనికురాలి గృహమున. ఆమె మొదటినుండియు ఈ పనికి వెన్నుదన్నుగా నుండెను. ఆయన పిమ్మట 18 సంవత్సరములు బడులన్నిటిని తానే నడపెను. 1779లో మరణించుచు, బడులకై 10,000 పౌనులు మరణశాసనమున వ్రాసెను. బంధువులు ఆ శాసనము చెల్లదనిరి. వ్యాజ్యము లండను న్యాయస్థానమునకెక్కి ముప్పది యేండ్లు సాగెను. పైకము వడ్డీతో ముప్పది వేలు దాటినది. బడులు మాత్రము మూతపడినవి. వ్యాజ్యములను ఎఱిగిన మీకు నేను వేరుగా చెప్పవలసినదేమున్నది?

ఆ నడుమ 1785లో ఉత్తర వేల్సున బాలా అను ఊర థామస్ చార్లెస్ అను గురువు జోన్స్ పద్ధతినే మరల ఎత్తుకొనెను. ఆయన బడిలో చదివిన మేరీ జోన్స్ అను బీద బాలిక 1800లో బైబిలు కొనుటకు ఇరువదియైదు మైళ్లు నడచి ఆయన యింటికి వచ్చినది. ఆమె కథ నేటికిని ప్రసిద్ధము.

1809లో న్యాయస్థానము ధనమును విడుదల చేసెను. బెవన్ పేరిట బడులు తిరిగి బయలుదేరి 1854 వఱకు ఊరూర తిరిగెను. ఆమెను లాండౌరర్ చర్చిలో, గ్రిఫిత్ జోన్స్ సమాధి ప్రక్కనే పాతిపెట్టిరి.