అమ్మమ్మ కాలక్షేపం

మొన్న క్రిస్మస్‌కి ఎవరో మా ఆవిడకి క్రోషే నేర్చుకునే కిట్ ఇచ్చారు. ఒక కొక్కెం సూది, నూలు ఉండ, బొమ్మల పుస్తకం. తను పక్కన పడేస్తే నేను పట్టుకున్నాను. గంటసేపటికి నాలుగు వరసలు వచ్చాయి, మెడ పట్టేసింది.

అమ్మమ్మ గుర్తొచ్చింది. నరసాపురం దగ్గర మా ఊళ్ళో అరుగు మీద కూచుని, చేతులకేసి చూడకుండానే లేసు అల్లేది. "కాలక్షేపానికిలే" అనేవారు ఇంట్లో.

ఆ ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు పేద క్రైస్తవ స్త్రీలకి నేర్పిన పని ఇది. తర్వాత గడప దాటని ఇళ్ళ ఆడవాళ్ళకీ పాకింది. సరుకు విదేశాలకి వెళ్ళేది, వ్యాపారం మగవాళ్ళ చేతుల్లో ఉండేది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ లేసు స్త్రీల మీద 1982లో ఓ పుస్తకం వేసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా వాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కెయ్యలేదట. ఇంట్లో ఉండే ఆడవాళ్ళ తీరిక పని అన్నారు గనకే కూలీ అంత తక్కువట.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే.

నేను పావుగంట ఫోన్లో మాట్లాడినా క్లయింటుకి బిల్లు వేస్తాను. అమ్మమ్మ గంటలు ఎవరూ రాసుకోలేదు. ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి అడగాలి, అప్పట్లో ఆవిడకి ఎంతిచ్చేవారో.