ఐరోపా ధరలు, నక్కవాగు నీళ్లు: పటాన్‌చెరు ఔషధ పరిశ్రమ చరిత్రలో ఒక పార్శ్వం

ఉపోద్ఘాతం:

ఐరోపా ఆర్థిక భవితవ్యాన్ని అంచనా వేసే నివేదికలు ప్రధానంగా వడ్డీ రేటు, సుంకం, మారకపు విలువ అనే మూడింటి చుట్టూ తిరుగుతాయి. సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి ఈ మూడింటితోనూ సంబంధం ఉంది. అయితే ఇక్కడి ఔషధ పరిశ్రమ చరిత్రను పరిశీలిస్తే, ఐరోపా ప్రభావం వీటికంటే ఎక్కువగా మరో దారిన ఈ నేలను చేరినట్లు కనిపిస్తుంది. అది మందుల ధరను నిర్ణయించే అక్కడి నిబంధనల దారి. ఆ విషయాన్ని కొన్ని ఘట్టాల ఆధారంగా చర్చించడమే ఈ వ్యాస ఉద్దేశం.

నేపథ్యం:

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారిపై ఉన్న పటాన్‌చెరు, 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడేవరకు మెదక్ జిల్లాలో భాగం. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. ఆ తర్వాత పారిశ్రామికవాడలు విస్తరించాయి. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన ఇందిరాగాంధీ పేరుతో ఈ ప్రాంత పారిశ్రామికాభివృద్ధిని ముడిపెట్టి చెప్పుకోవడం పరిపాటి. అందులో కొంత నిజం ఉన్నా, ఔషధ పరిశ్రమ వేళ్లు అంతకంటే వెనక ఉన్నాయి. సోవియట్ సహకారంతో హైదరాబాద్‌లో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు శిక్షణశాల అయింది. 1972 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన 1970 నాటి పేటెంట్ల చట్టం, మందుకు కాక దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. అంటే వేరే పద్ధతిలో అదే మందును తయారుచేసే స్వేచ్ఛ ఇక్కడివారికి దక్కింది. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. బొల్లారంలో ఆ సంస్థకు ముడి ఔషధాల కర్మాగారాలు ఉన్నాయి. 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతల్లో తగ్గించడంతో ఎగుమతిదారులకు మరింత ఊతం లభించింది.

బీటాఫార్మ్ ఘట్టం:

2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీకి చెందిన బీటాఫార్మ్ అనే జెనరిక్ మందుల సంస్థను 48 కోట్ల యూరోలకు కొనుగోలు చేసింది. అది అప్పటి జర్మనీ జెనరిక్ సంస్థలలో నాలుగో స్థానంలో ఉండేది. ఒక తెలుగు సంస్థ ఐరోపా విపణిలో పెట్టిన పెద్ద పెట్టుబడిగా ఈ కొనుగోలును అందరూ గుర్తుంచుకుంటారు. తర్వాత జరిగినది అంతగా చర్చకు రాలేదు.

కొనుగోలు సొమ్ములో అధికభాగం యూరోలలో తెచ్చిన అప్పు. ఐరోపా కేంద్ర బ్యాంకు ప్రధాన వడ్డీ రేటు 2005 డిసెంబర్‌లో 2.25 శాతం ఉండగా, 2008 జూలై నాటికి 4.25 శాతానికి చేరింది. ఈ పెరుగుదల భారమే అయినా అసలు దెబ్బ వడ్డీ వల్ల తగలలేదు. కొనుగోలు జరిగిన సంవత్సరంలోనే జర్మనీ ప్రభుత్వం మందుల ఖర్చును తగ్గించేందుకు చట్టాన్ని సవరించింది. 2007 ఏప్రిల్ నుంచి అమలైన మరో సంస్కరణ ఆరోగ్య బీమా నిధులకు కొత్త బలాన్నిచ్చింది. ఎవరు ఎక్కువ తగ్గింపు ఇస్తే వారితోనే ఒప్పందం కుదుర్చుకొని, రోగికి ఆ సంస్థ మాత్రనే ఇప్పించే విధానం బలపడింది. అంతవరకు వైద్యులతో ఉన్న పరిచయాల మీద, సంస్థ పేరు మీద నడిచిన వ్యాపారం టెండర్ వ్యాపారంగా మారింది. బీటాఫార్మ్‌కు చెల్లించిన విలువలో పెద్ద భాగాన్ని డాక్టర్ రెడ్డీస్ తన లెక్కలలో రద్దు చేసుకోవలసి వచ్చింది. 2008–09 ఆర్థిక సంవత్సరాన్ని నష్టంతో ముగించింది.

జర్మనీ రోగి దృష్టిలో ఈ సంస్కరణ మేలే చేసింది. దానిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ టెండర్‌లో ధర ఒక్కటే కొలమానమైనప్పుడు, ఆ ధరలో తయారీ స్థలపు నీటిని శుభ్రం చేసే ఖర్చుకు చోటుందా అని అడిగేవారు లేకపోయారు.

వాగుల సాక్ష్యం:

పటాన్‌చెరు కాలుష్యం జర్మనీ టెండర్లతో మొదలు కాలేదు. 1990 నాటికే ఈ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా 1990లలోనే వచ్చింది. కాబట్టి కారణకార్య సంబంధాన్ని తలకిందులు చేయకూడదు. టెండర్ విధానం కాలుష్యాన్ని పుట్టించలేదు. దానిని సరిదిద్దుకోవడానికి ధరలో మిగలవలసిన వెసులుబాటును మాత్రం కుదించింది.

ఈ ప్రాంతపు నీళ్లు నక్కవాగు ద్వారా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి చేరతాయి. నక్కవాగు, ఇసుకవాగు, పాములవాగు. ఈ పేర్లను పెట్టినవారు వాగుల ఒడ్డున ఏమి చూశారో పేర్లే చెబుతున్నాయి. సాంకేతిక నివేదికలలో ఇవే వాగులు నమూనా సేకరణ స్థలాలుగా మిగిలాయి. భాషా విద్యార్థికి ఈ మార్పు కూడా చరిత్రే.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలను స్వీకరించే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి తర్వాత బయటికి వచ్చే నీటిని ఆ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మందు వాడిన మనిషి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదుకంటే ఇది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన మందు దాదాపు 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజులలో వాడే పరిమాణానికి అది సమానమని వారు లెక్కగట్టారు. ఈ పోలికలో ఒక వ్యంగ్యం ఉంది. ఐరోపా దేశపు వినియోగం, తెలంగాణ వాగు కాలుష్యానికి కొలపాత్ర అయింది.

వాణిజ్య వివాదాలు, తరువాతి పరిణామాలు:

2008 చివరలో డాక్టర్ రెడ్డీస్ బ్రెజిల్‌కు పంపిన లోసార్టన్ సరుకును నెదర్లాండ్స్ సుంకాధికారులు పేటెంట్ కారణంతో నిలిపివేశారు. 2010లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. ఆ వివాదమంతా మందు ఎవరి హక్కు అన్నదాని చుట్టూ నడిచింది. మందు తయారైన చోటి నీటి ప్రస్తావన అందులో రాలేదు. 2007లో మొదలైన భారత్–ఐరోపా వాణిజ్య ఒప్పంద చర్చలు 2013లో ఆగి, 2022లో తిరిగి ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం జూలైలో ఐరోపా కేంద్ర బ్యాంకు ఎనిమిదేళ్ల రుణాత్మక వడ్డీ విధానాన్ని విడిచిపెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినా జెనరిక్ మందులను మినహాయించింది. అంతకుముందు మార్చిలో, అత్యవసర మందులకు ఆసియాపై ఆధారపడటాన్ని తగ్గించుకునే చట్టాన్ని ఐరోపా కమిషన్ ప్రతిపాదించింది. టెండర్లలో ధరతోపాటు ఇతర ప్రమాణాలను కూడా చూడాలన్న ఆలోచన అందులో ఉంది. ఆ ప్రమాణాలలో సరఫరా భద్రతదే పెద్దపీట.

మన ప్రభుత్వ వైఖరి కూడా ఆలోచింపజేస్తుంది. కర్మాగారాల వ్యర్థజలాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాను ప్రకటించింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనలలో ఆ పరిమితులు లేవు.

2025 జనవరి 1న ఐరోపా సమాఖ్యలో పట్టణ మురుగునీటి శుద్ధిపై సవరించిన ఆదేశం అమలులోకి వచ్చింది. నీటిలోని సూక్ష్మ ఔషధ అవశేషాలను తొలగించే అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతాన్ని మందులు, సౌందర్య సాధనాల ఉత్పత్తిదారులే భరించాలని అది చెబుతోంది. దిగుమతి అయ్యే మందులకూ ఇది వర్తిస్తుంది. దీనిపై ఔషధ సంస్థలు ఐరోపా న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. ఆ ఆదేశం ప్రకారం, బొల్లారంలో తయారై జర్మనీ రోగి మింగిన మాత్ర వల్ల అక్కడి నగరపు మురుగునీటిలో చేరే అవశేషానికి ఖర్చు లెక్క ఉంటుంది. అదే మాత్ర తయారీలో బొల్లారం వద్ద నీటిలో కలిసేదానికి అందులో పద్దు లేదు.